క్రియాటినిన్ ఒక్కటీ చూసి కిడ్నీ జబ్బు తేల్చలేం

పలమనేరులో ఒక ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు అనుకుందాం. వయసు 65, స్త్రీ. సీరం క్రియాటినిన్ 1.2. దాని పక్కన అచ్చువేసిన నార్మల్ రేంజి 0.6 నుంచి 1.2. అంకె రేంజి దాటలేదు గనక లావు అక్షరాల్లో లేదు, పక్కన గుర్తూ లేదు. ఇంట్లోవాళ్లు ‘కిడ్నీలు బాగున్నాయంట’ అనుకుని కాగితం మడిచి కవర్లో పెట్టేస్తారు. అదే 1.2ను వయసు, ఆడమగ తేడా కలిపి 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రంలో వేసి చూస్తే ఆమె కిడ్నీల వడపోత నిమిషానికి 50 మిల్లీలీటర్ల దగ్గర, అంటే అనుమానించాల్సిన 60 గీతకు కిందనే, తేలుతుంది. అదే ల్యాబులో అదే రోజు పాతికేళ్ల కుర్రాడికీ 1.2 వస్తే అతని లెక్క 86. అంకె ఒకటే. కుర్రాడి విషయంలో మూత్ర పరీక్ష బాగుంటే అక్కడితో సరి. ఆమె విషయంలో అసలు పని అప్పుడే మొదలవుతుంది.

క్రియాటినిన్ కండరాల్లో పుట్టి రక్తంలో కలిసే వ్యర్థం. కండ ఎక్కువున్న మనిషిలో ఎక్కువ పుడుతుంది, బక్కపలచని మనిషిలో తక్కువ. కిడ్నీలు దాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయన్నది జీఎఫ్‌ఆర్. దాన్ని నేరుగా కొలవడం శ్రమతో కూడిన పని కాబట్టి క్రియాటినిన్ నుంచి అంచనా వేస్తారు. రిపోర్టుల్లో ఈజీఎఫ్‌ఆర్ అని కనిపించేది ఆ అంచనాయే, 1.73 చదరపు మీటర్ల శరీర వైశాల్యానికి సరిచేసిన అంకె. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. 50 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 0.8 నుంచి 1.2కు పెరిగితే ఈజీఎఫ్‌ఆర్ 108 నుంచి 74కు పడిపోతుంది. అదే మనిషికి 5 నుంచి 6కు పెరిగితే 13 నుంచి 11కు మాత్రమే తగ్గుతుంది. మొదటి మార్పుకు ఎవరూ కంగారు పడరు, రెండోదానికి ఊరంతా తెలిసిపోతుంది. పోయిన కిడ్నీ పనితనంలో పెద్ద వాటా మొదటి మార్పులోనే పోయింది. అందుకే ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అని ఒకరినొకరు అడిగి పోల్చుకోవడం వల్ల తేలేదేమీ లేదు. ఒక మనిషి అంకెను అదే మనిషి పాత అంకెతో పోల్చాలి.

ఈజీఎఫ్‌ఆర్ అంకెను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. రక్తం ఇచ్చే ముందు పూట సంగటి, నాటుకోడి పులుసు దండిగా తింటే ఉడికిన మాంసం వల్ల క్రియాటినిన్ కొన్ని గంటలపాటు పెరిగి కనిపిస్తుంది. జిమ్‌కు పోయే కుర్రాళ్లు వాడే క్రియాటిన్ పొడి వల్లా పెరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు రాసే కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్, క్రియాటినిన్ మూత్రంలోకి పోయే ఒక దారిని మూసేస్తుంది. వడపోత ఏమాత్రం తగ్గకుండానే అంకె ఎక్కుతుంది. ల్యాబు పద్ధతీ ఒకటే కాదు. 1886లో జాఫె కనిపెట్టిన రంగు చర్య మీద ఆధారపడే చవక పద్ధతి ఇంకా చాలాచోట్ల వాడుకలో ఉంది. కామెర్లు ఉన్నా, షుగరు, కీటోన్లు బాగా ఎక్కువున్నా అది తప్పుదారి పట్టిస్తుంది. ఎంజైమ్ పద్ధతికి ఈ బాధ తక్కువ. ఒక ల్యాబులో 1.3, ఇంకో ల్యాబులో 1.1 వచ్చిందని ‘తగ్గింది’ అని సంబరపడటం తొందరపాటే.

ఇంతకన్నా ప్రమాదం ఎదురు దిశలో ఉంది. మంచాన పడ్డ ముసలివాళ్లు, కాలు తీసేసినవాళ్లు, ఏళ్ల తరబడి సరైన తిండి లేక కండ కరిగినవాళ్లు, వీళ్లలో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. అంకె చక్కగా కనిపిస్తూ ఉంటుంది, కిడ్నీలు మాత్రం చెడి ఉంటాయి. అలాంటి చోట సిస్టాటిన్-సి అనే ఇంకో పరీక్ష కలిపి లెక్క వేయాలని అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శక సంస్థ కేడిగో 2024లో గట్టిగానే చెప్పింది. కండతో దానికి సంబంధం తక్కువ. థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు, పొగతాగడం దాన్నీ కదిలిస్తాయి కాబట్టి అదీ తిరుగులేనిది కాదు. పైగా చిన్న ఊళ్లలో దొరకదు, దొరికినా ఖర్చు.

మూడు నెలల గడువు ఎందుకు

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు (సీకేడీ) అని పేరు పెట్టాలంటే ఒక షరతు ఉంది. ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ ఉండటం గానీ, కిడ్నీ దెబ్బతిన్న గుర్తు ఏదో ఒకటి ఉండటం గానీ కనీసం మూడు నెలలు కొనసాగాలి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం, కిడ్నీ నుంచే ఎర్రకణాలు పడుతుండటం, స్కాన్‌లో నిర్మాణం తేడా, బయాప్సీలో మార్పులు, కిడ్నీ మార్పిడి చేయించుకుని ఉండటం, ఇవన్నీ ఆ గుర్తుల్లోకి వస్తాయి. రెండు షరతుల్లో ఒకటి చాలు. వడపోత 95 ఉన్నా మూత్రంలో ఆల్బుమిన్ నెలల తరబడి పోతుంటే అది జబ్బే. వడపోత 80 ఉండి ఇంకే గుర్తూ లేకపోతే జబ్బు కాదు, రిపోర్టులో ‘స్టేజి 2’ అని అచ్చయినా సరే.

ఆ గడువు లేకపోతే ఏమవుతుందో మామిడి కాపు రోజుల్లో తెలుస్తుంది. మే, జూన్ ఎండలో తోటలో కాయలు కోసిన మనిషికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని రెండు రోజులు మింగుతాడు. ఆస్పత్రికి వచ్చేసరికి క్రియాటినిన్ 3. అతనికి జరిగింది అప్పటికప్పుడు తగిలిన కిడ్నీ దెబ్బ. సెలైన్ ఎక్కించి, ఆ మాత్రలు మాన్పిస్తే చాలామందిలో వారం పది రోజుల్లో కిందికి దిగుతుంది. రక్తపింజర కాటు తర్వాత వచ్చే కిడ్నీ దెబ్బ ఇంతకన్నా తీవ్రం, కొన్నాళ్లు డయాలసిస్ దాకా పోతుంది, అయినా అందులోంచి కోలుకునేవాళ్లు ఉన్నారు. ఆ వారంలోనే ‘కిడ్నీలు పోయాయి’ అని ముద్ర వేస్తే ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఇటువైపు పొరపాటు కూడా తక్కువేం కాదు. కోలుకుని ఇంటికి పోయిన మనిషి మూడు నెలల తర్వాత ఒక్కసారి రక్తం, మూత్రం చూపించుకోవాలి. కొందరిలో కిడ్నీ పూర్తిగా వెనక్కి రాదు. నొప్పి లేదు, వాపు లేదు, కాబట్టి ఎవరూ రారు.

గడువు ఉంది కదా అని మూడు నెలలు చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఆర్నెల్ల కిందటి రిపోర్టులో కూడా ఈజీఎఫ్‌ఆర్ 52 ఉంటే గడువు అప్పుడే తీరిపోయింది. జబ్బు పాతదేనని మిగతా ఆనవాళ్లు చెబుతుంటే వైద్యం మొదటి రోజే మొదలుపెట్టొచ్చు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అసలు చిక్కు పాత రిపోర్టు దొరకకపోవడం. చిత్తూరు నుంచి వేలూరు తిరుపతి కన్నా దగ్గర. 1971లోనే కిడ్నీ మార్పిడి చేసిన వేలూరు సీఎంసీకి ఒక ఏడాది పోతారు, ఇంకో ఏడాది తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్‌కు వస్తారు, మధ్యలో రుయా, ఊళ్లో ప్రైవేటు క్లినిక్కు. ప్రతిచోటా కొత్త ఓపీ చీటీ, కొత్త ఫైలు. పాతవి ఇంట్లో బీరువాలో ఉండిపోతాయి, లేదంటే కూతురి ఫోన్లో ఫొటోగా ఉంటాయి. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ ఫొటోలోని ఒక్క అంకె కొత్తగా రాయించే మూడు స్కాన్‌ల కన్నా ఎక్కువ చెబుతుంది.

మూత్రం దగ్గర జరిగే నిర్లక్ష్యం

షుగరు, బీపీ ఉన్నవాళ్లలో క్రియాటినిన్ చూడని డాక్టరు ఉండడు. మూత్రంలో ఆల్బుమిన్‌ను సరిగ్గా కొలిపించేవాళ్లు తక్కువ. కిడ్నీ జబ్బు నిర్ధారణలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే. షుగరు వల్ల వచ్చే జబ్బులో సాధారణంగా మొదట కనిపించేది ఆల్బుమిన్ లీకేజీ, వడపోత తగ్గడం తర్వాతి సంగతి. అంటే క్రియాటినిన్ కదలక ముందే, మందులు బాగా పనిచేసే కాలంలోనే, సంకేతం మూత్రంలో ఉంటుంది.

మన ల్యాబుల్లో సీయూఈ అనే మూత్ర పరీక్ష అందరికీ తెలిసిందే. అందులో ఆల్బుమిన్ ఎదురుగా నిల్ అనో, ట్రేసెస్ అనో, 1+ అనో రాస్తారు. అది మూత్రం చిక్కదనం మీద ఆధారపడిన అంచనా. పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా బస్సులో వచ్చిన మనిషికి ట్రేసెస్ రావచ్చు, ల్యాబు దగ్గర లీటరు నీళ్లు తాగి ఇచ్చిన మనిషికి నిజంగా లీకేజీ ఉన్నా నిల్ రావచ్చు. ఆల్బుమిన్‌ను అదే మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగిస్తే ఈ చిక్కు పోతుంది. ఆ నిష్పత్తే ఏసీఆర్. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ1, 30 నుంచి 300 దాకా ఏ2, 300 దాటితే ఏ3. పొద్దున లేచాక మొదటి మూత్రం అయితే మేలు. ఇరవై నాలుగు గంటల మూత్రం క్యాన్‌లో పట్టి మోసుకొచ్చే అవసరం మామూలుగా ఉండదు.

ఒక్కసారి ఎక్కువ వచ్చిందని ముద్ర వేయకూడదు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, అదుపు తప్పిన షుగరు, గుండె వైఫల్యం, ముందురోజు చేసిన కఠిన శ్రమ, ఇవన్నీ ఆల్బుమిన్‌ను తాత్కాలికంగా పెంచుతాయి. తిరుపతిలో దీనికి స్థానికమైన ఉదాహరణ చేతిలోనే ఉంది. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కి దర్శనం చేసుకుని, మర్నాడు ‘ఎటూ తిరుపతి వచ్చాం కదా’ అని చెకప్ చేయించుకునేవాళ్లు ఉంటారు. ఆ రోజు మూత్రం ఇవ్వడానికి మంచి రోజు కాదు. నీళ్లు తక్కువై క్రియాటినిన్ కూడా కాస్త పైన చూపించొచ్చు. అలా పైన కనిపించినవాళ్లు తర్వాతి మూడు నుంచి ఆరు నెలల్లో ఇంకో రెండుసార్లు చేయించుకుని, మూడింట్లో రెండు ఎక్కువగా ఉంటేనే ఖాయం చేసుకోవాలి. షుగరు టైప్ 2 అయితే అది బయటపడ్డ రోజు నుంచే ఏటా ఈ పరీక్ష చేయించాలి. టైప్ 1 అయితే బయటపడిన అయిదేళ్ల తర్వాత నుంచి.

అయితే ఏసీఆర్ బాగుంటే కిడ్నీ బాగున్నట్టు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రైతులనూ కూలీలనూ పట్టి పీడిస్తున్న జబ్బులో షుగరూ ఉండదు, పెద్దగా ఆల్బుమిన్ కూడా పోదు. దెబ్బ కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గుచ్ఛాల కన్నా మూత్రం పారే సన్నని నాళికల చుట్టూ ఎక్కువ తగులుతుంది. అక్కడ పట్టించేది రక్త పరీక్షే. కాబట్టి రక్తం, మూత్రం రెండూ ఒకేసారి చూడాలి.

స్కాన్ గురించి ఒక్క మాట. చాలా అల్ట్రాసౌండ్ రిపోర్టుల చివర ‘గ్రేడ్ 1 రీనల్ పారెంకైమల్ చేంజెస్’ అని ఉంటుంది. గ్రేడ్ 1 అంటే స్టేజి 1 అనుకుని కొందరు ఊపిరి పీల్చుకుంటారు, కొందరు బెంబేలెత్తుతారు. ఆ గ్రేడు కిడ్నీ తెరమీద ఎంత తెల్లగా కనిపించిందన్నదానికి సంబంధించింది. వడపోత ఎంతన్నది అది చెప్పదు. స్కాన్ నిజంగా పనికొచ్చేది పరిమాణం, అడ్డంకి, తిత్తులు చూడటానికి. పెద్దవాళ్ల కిడ్నీ దాదాపు 9 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుంటుంది. రెండూ కుంచించుకుపోయి ఉంటే జబ్బు పాతది. షుగరు వల్ల చెడిన కిడ్నీలు మాత్రం చాలాకాలం మామూలు సైజులోనే కనిపిస్తాయి. ఒంటరిగా కనిపించే మామూలు నీటితిత్తి జబ్బు కాదు.

స్టేజి అంకె సగం మాటే

2002లో అమెరికా నుంచి వచ్చిన కేడోకి మార్గదర్శకాలు కిడ్నీ జబ్బును మొదటిసారి అయిదు స్టేజీలుగా విడగొట్టాయి. అవి ప్రధానంగా వడపోత అంకె మీద నడిచేవి. పదేళ్లకు కేడిగో దాన్ని మార్చి మూడు కాళ్ల మీద నిలబెట్టింది. కారణం ఏమిటి, వడపోత ఎంత, ఆల్బుమిన్ ఎంత. మూడో స్టేజీని 45 దగ్గర రెండుగా చీల్చింది. ఇప్పటి లెక్క ప్రకారం 90, ఆపైన జీ1. 60 నుంచి 89 జీ2. 45 నుంచి 59 జీ3ఏ. 30 నుంచి 44 జీ3బీ. 15 నుంచి 29 జీ4. 15 లోపు జీ5. 2024 సవరణలోనూ ఈ చట్రం అలాగే ఉంది.

ఈ మార్పు వచ్చి పదేళ్లు దాటినా ఓపీ చీటీల మీద మాత్రం పాత పద్ధతే కనిపిస్తుంది: ‘సీకేడీ స్టేజి 3’. అందులో ఆల్బుమిన్ లేదు, కారణం లేదు. ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పెడితే ఈ లోటు తెలుస్తుంది. ఒకరికి వడపోత 52, ఏసీఆర్ 12. ఇంకొకరికి వడపోత 75, ఏసీఆర్ 600. స్టేజి అంకె మాత్రమే రాస్తే మొదటివారిది 3, రెండోవారిది 2. కేడిగో రంగుల పట్టికలో మొదటివారు పసుపు గడిలో ఉంటారు, రెండోవారు అంతకన్నా ముదిరిన నారింజ గడిలో. డయాలసిస్ దాకా పోయే అవకాశం, గుండె జబ్బు వచ్చే అవకాశం రెండోవారికే ఎక్కువ. ‘షుగరు వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు, జీ2, ఏ3’ అని ఒక్క లైను రాస్తే తర్వాత చూసే డాక్టరుకు కిడ్నీని కాపాడే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు ఎందుకు ఇచ్చారో, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందు ఎందుకు కలిపారో అడగక్కర్లేదు. ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్‌ఆర్ కాస్త తగ్గుతుంది. 30 శాతం లోపు తగ్గుదలను చూసి స్టేజి పెరిగిందని మందు ఆపేయడం తరచూ జరిగే పొరపాటు.

మూడు కాళ్లలో ఎక్కువగా ఖాళీగా వదిలేసేది కారణం. షుగరు ఉన్న మనిషికి కిడ్నీ చెడితే అది షుగరు వల్లే అని తేల్చేయడం తేలిక. పదిహేనేళ్లుగా షుగరుండి, కంటి రెటీనాలో కూడా మార్పులుంటే ఆ ఊహ చాలావరకు నిజం. రెండేళ్ల కిందట షుగరు బయటపడి, రెటీనా శుభ్రంగా ఉండి, మూత్రంలో ఎర్రకణాలు పడుతూ, నెలల్లో క్రియాటినిన్ ఎగబాకుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. ఐజీఏ నెఫ్రోపతీ కావచ్చు, లూపస్ కావచ్చు, వైద్యంతో మలుపు తిరిగే ఇంకేదైనా కావచ్చు. అక్కడ బయాప్సీ అడగాల్సిందే. ‘సూది పొడిస్తే కిడ్నీ పాడవుతుంది’ అన్న భయంతో దాన్ని వాయిదా వేసుకున్న కుటుంబాలకు తర్వాత, కిడ్నీలు ముడుచుకుపోయాక, బయాప్సీ చేసినా పెద్దగా చెప్పేదేమీ మిగలదు.

బీపీ సంగతి ఇంకా మెలిక. కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, బీపీ వల్ల కిడ్నీ చెడుతుంది. ముప్పై ఏళ్లకే బీపీ, క్రియాటినిన్ రెండూ ఎక్కువగా కనిపిస్తే ‘బీపీ వల్ల’ అని రాసేయడం సోమరితనమే అనాలి. తండ్రికో మేనత్తకో తిత్తుల కిడ్నీ ఉందా, చిన్నప్పుడు మాటిమాటికీ మూత్రంలో చీము పట్టేదా, రాళ్లకు ఆపరేషన్ అయిందా, పెద్దాయనకు ప్రొస్టేట్ వల్ల మూత్రం నిలిచిపోతోందా, మోకాళ్ల నొప్పులకు ఎన్నేళ్లుగా మాత్రలు వాడుతున్నారు, పసర్లూ భస్మాలూ ఏమైనా తిన్నారా, ఈ ప్రశ్నలకు పది నిమిషాలు పడుతుంది. కిక్కిరిసిన ఓపీలో ఆ పది నిమిషాలే దొరకవు. అడిగిన చోట మాత్రం ఖరీదైన పరీక్ష ఇవ్వని జవాబు దొరుకుతుంది.

ముసలితనం దగ్గర ఈ వర్గీకరణ మీద నిజంగానే తగవు ఉంది. వయసుతోపాటు వడపోత మెల్లగా తగ్గడం సహజం. 78 ఏళ్ల ఆయనకు అయిదేళ్లుగా ఈజీఎఫ్‌ఆర్ 54 దగ్గరే ఆగి ఉంది, ఏసీఆర్ 10. దీన్ని జబ్బు అనాలా, వయసు అనాలా? వయసును బట్టి గీత మార్చాలని కొందరు నెఫ్రాలజిస్టులు వాదిస్తున్నారు. కేడిగో మాత్రం 60 గీతను అందరికీ ఒకటిగానే ఉంచింది. ఆయన్ని ‘కిడ్నీ పేషెంటు’ అని భయపెట్టి పప్పు, పండ్లు మాన్పించడం అన్యాయం. నొప్పి మాత్రలు ఇచ్చేటప్పుడు, రంగుమందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ రాసేటప్పుడు ఆ 54 గుర్తుండాలి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే 45 దిగాక మోతాదు తగ్గించాలి, 30 దిగితే ఆపాలి. ఆ మేరకు అంకె ఉపయోగపడుతుంది.

స్టేజి ఇప్పటి పరిస్థితిని చెబుతుంది. ముందు ఏం జరగబోతుందో చెప్పడానికి 2011లో వచ్చిన కిడ్నీ ఫెయిల్యూర్ రిస్క్ ఈక్వేషన్ ఉంది. జీ3, ఆపైన ఉన్నవాళ్లకు వయసు, లింగం, ఈజీఎఫ్‌ఆర్, ఏసీఆర్ నాలుగూ ఇస్తే రెండేళ్లలో, అయిదేళ్లలో కిడ్నీలు పూర్తిగా ఆగిపోయే అవకాశం ఎంత శాతమో లెక్కగట్టి చెబుతుంది. అయిదేళ్ల అంచనా 3 నుంచి 5 శాతం దాటితే నెఫ్రాలజిస్టుకు చూపించాలన్నది కేడిగో 2024 సలహా. రెండేళ్ల అంచనా 40 శాతం దాటితే డయాలసిస్‌కో మార్పిడికో ఏర్పాట్లు మొదలుపెట్టాలి. ఏసీఆర్ చేయించకపోతే ఈ లెక్క అసలు మొదలే కాదు.

ఈ అంకెలు ఆస్పత్రి దాటి ఇంటి ఖర్చుల్లోకీ వస్తాయి. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాల్లో డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగులకు మూడు వేరువేరు వర్గాలు కనిపిస్తాయి: క్రియాటినిన్ 5 దాటినవాళ్లు, ఈజీఎఫ్‌ఆర్ 15 లోపు ఉన్నవాళ్లు, కిడ్నీలు కుంచించుకుపోయినవాళ్లు. మొదటి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ కావు. 70 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 3.3 దగ్గరే ఈజీఎఫ్‌ఆర్ 15 కిందికి దిగిపోతుంది. 5 దాకా ఆగాలంటే ఆమె ఈలోపే డయాలసిస్ మంచం ఎక్కాల్సి రావచ్చు. సర్టిఫికెట్ మీద క్రియాటినిన్ ఒక్కటే రాసిస్తే ఆమె ఏ వర్గంలోకీ రాదు, ఈజీఎఫ్‌ఆర్ కూడా లెక్కగట్టి రాస్తే వస్తుంది.